బావిపక్క నాలుగు సాళ్ళు

మారక్కను ప్రశ్నలు అడగడానికి వచ్చినవాళ్ళు ఎంతమందో మారక్కకే గుర్తు లేదు. ఉద్దనపల్లి దాటి రాయకోట దారిలో కొంచెం దూరం పోయి, ఎడమ పక్క మట్టిబాటలో దిగితే ఆమె తోట. ఒకటిన్నర ఎకరం, ఒక బావి, రెండు గదుల ఇల్లు. అంత చిన్న తోటను వెతుక్కుంటూ బెంగళూరు నుంచీ, కోయంబత్తూరు నుంచీ చదువుకున్నవాళ్ళు రావడం ఊళ్ళో వాళ్ళకు వింతగా ఉండేది. "మారక్కా, నీకు పెండ్లిచూపులకు కూడా ఇంతమంది రాలేదు గదమ్మా" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె నవ్వేది. ఆ రోజుల్లో నవ్వేదన్న సంగతి ఇప్పుడు ఎవరైనా చెబితే తప్ప గుర్తు రాదు.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాళ్ళది గొర్రెల కాపు. సూళగిరి వైపు మేత బీళ్ళన్నీ ఫ్యాక్టరీల స్థలాలైపోయాక గొర్రెలు అమ్మేసి కూరగాయలకు దిగారు. భర్త నంజప్ప మాట తక్కువ మనిషి. మందు కొట్టే పంపు వీపుకు తగిలించుకుంటే ఆ కాస్త మాట కూడా ఉండదు. టొమాటో, కొత్తిమీర, చిక్కుడు, ఏది వేసినా వారానికొకసారి మందు పడాల్సిందే. మచ్చ ఉన్న టొమాటోను సంతలో ఎవరూ చేత్తో తాకరు. ఇది నంజప్ప తప్పు కాదు, సంత తప్పు.

అయితే బావిపక్క నాలుగు సాళ్ళు మాత్రం ఇంటివి. వాటికి మందు కొట్టకూడదు. ఆ కట్టడి పెట్టింది మారక్క అత్త బైరక్క. "అమ్మేది అమ్ము, తినేది తిను, రెండూ కలపద్దు" అనేది ఆమె. పురుగు కొట్టిన ఆకు, వంకర కాయ, ఏదైనా సరే ఇంటికి ఆ నాలుగు సాళ్ళలోదే రావాలి. ఊరికో న్యాయం, ఇంటికో న్యాయమా అని మనం ముక్కు మీద వేలేసుకోవచ్చు. ఆ చుట్టుపక్కల ప్రతి తోటలోనూ ఇలాంటి సాళ్ళు కొన్ని ఉంటాయి, ఎవరూ పైకి చెప్పరు, అంతే. ఇంటి సాళ్ళలోది కడగరు కూడా. మట్టి రాలేట్టు ఒకసారి విదిలించి నేరుగా రోట్లో వేస్తారు. కడగడమంటే అనుమానించినట్టు.

బైరక్కకు డెబ్బై దాటాక చూపు తగ్గుతూ వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ చేయించినా లాభం లేకపోయింది. వెలుగు, నీడ తప్ప ఆమెకు ఏమీ తెలియదు. కానీ తోటలో ఆమె చూపుతో నడిచే మనిషి కాదు. బావి గట్టు మీద చెయ్యి ఆనించి ఏడు అడుగులు వేస్తే మొదటి సాలు. అక్కడ కూర్చుని చేత్తో తడిమితే కొత్తిమీర, వంగితే టొమాటో. ముప్పై ఏళ్ళుగా ఆమె కాళ్ళు ఆ లెక్క తప్పలేదు.

ఆ నాలుగు సాళ్ళను మొదట కనిపెట్టింది బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు. రైతులు మందులు ఎందుకు ఎక్కువ వాడుతున్నారో కనుక్కోవడానికి వచ్చాడు. మజ్జిగ తాగుతూ ఆ సాళ్ళ సంగతి విని, గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఇది ఆర్గానిక్ అమ్మా!" అన్నాడు.

"ఆర్గానిక్ కాదప్పా, ఇంటిది" అంది మారక్క.

అతను అదంతా రాసుకుని పోయాడు. ఆ రాత ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు గానీ, మరుసటి ఏడాది హోసూరులో సేంద్రియ కూరగాయల అంగడి పెట్టిన ధనశేఖర్ తోటకు వచ్చాడు. మంచి మాటకారి. హోసూరు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు ఇప్పుడు మందు లేని కూర కోసమే అడుగుతున్నారని, సంత ధరకు ఒకటిన్నర రెట్లు ఇస్తానని అన్నాడు. మారక్కతో సహా చుట్టుపక్కల పదకొండు మంది ఆడవాళ్ళను కలిపి ఒక గుంపు కట్టించాడు. అందరికీ కలిపి ఒకటే సర్టిఫికెట్. పద్ధతి కూడా వాళ్ళకు నచ్చేదే. పై నుంచి అధికారి ఎవరూ రారు, ఒకరి తోట ఒకరు చూసి, మందు లేదని సంతకం పెట్టాలి. ఒక్కరి తోటలో మందు కనబడితే పదకొండు మందికీ సర్టిఫికెట్ పోతుంది.

ఇక్కడే మెలిక పడింది. బావిపక్క సాళ్ళకు అవతల గట్టు దాటితే పక్క తోట శేషప్ప గులాబీల షెడ్డు. ఆ షెడ్డులో కొట్టే మందు గాలికి ఇటు వస్తుంది కాబట్టి బావిపక్కది లెక్కలోకి రాదని, సేంద్రియ పద్ధతి నేర్పడానికి వచ్చినవాళ్ళు తేల్చి చెప్పారు. మిట్టన ఉన్న అర ఎకరాన్ని సేంద్రియం చేయమన్నారు. చేశారు. అసలు నియమం ప్రకారం తోట మొత్తంలో ఎక్కడా మందు పడకూడదు. అర ఎకరంతో ఇల్లు ఎలా గడుస్తుంది? కింది భాగం వేరేవాళ్ళకు గుత్తకు ఇచ్చినట్టు కాగితంలో రాయించారు. నంజప్ప ఎప్పటిలాగే అక్కడ మందు కొడుతూ వచ్చాడు. మిగతా పదిమంది తోటల్లోనూ అదే కథ. నీ కిందిపక్క నేను చూడను, నా కిందిపక్క నువ్వు చూడకు అని ఎవరూ పైకి అనుకోలేదు, కానీ అందరూ అలాగే నడుచుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు.

కింది భాగమంతా మందు కొడుతూ మధ్యలో నాలుగు సాళ్ళు వదలడం ఎందుకని నంజప్ప ఒకరోజు అన్నాడు. ఇంటికి కావలసింది ఇక మీద మిట్టనుంచే తెచ్చుకుందాం, అంగడివాళ్ళు తీసుకోని వంకర కాయలు ఎటూ మిగులుతాయి కదా అన్నాడు. మాట సబబుగానే ఉంది. ఆ రాత్రి అన్నాల దగ్గర మారక్క అత్తతో చెప్పింది. "అత్తా, బావికాడ సాళ్ళు ఇంక ఇంటివి కాదు. ఆడికి పోవద్దు. నేనే మిట్ట నుంచి తెచ్చిస్తాను." బైరక్క సంగటి ముద్ద మింగుతూ "ఊఁ" అంది. ఎనభై ఏళ్ళ మనిషికి, కళ్ళు లేని మనిషికి, ముప్పై ఏళ్ళ అలవాటు గురించి ఒక్కసారి చెప్పి ఊరుకోవడం చెప్పినట్టేనా? ఆ రోజు మారక్కకు ఈ ప్రశ్న తట్టలేదు. అంతా అయ్యాక ఈ ప్రశ్న తప్ప ఇంకేదీ తట్టలేదు.

సర్టిఫికెట్ వచ్చాక ప్రశ్నలవాళ్ళు ఎక్కువయ్యారు. కాలం మారేకొద్దీ వాళ్ళ ప్రశ్నలూ మారాయి. మొదట్లో వచ్చినవాళ్ళు ఎరువు గురించి, దిగుబడి గురించి అడిగేవాళ్ళు. తర్వాత వచ్చినవాళ్ళకు పంట అక్కర్లేదు, కొనేవాళ్ళే కావాలి. పట్నంవాళ్ళు ఎందుకు కొంటున్నారు, ఆరోగ్యం కోసమా, రుచి కోసమా, పక్కింటివాళ్ళు కొంటున్నారనా? ఆ తర్వాత నమ్మకం మీద పడ్డారు. సర్టిఫికెట్‌ను నమ్ముతారా, మనిషిని నమ్ముతారా?

మూడేళ్ళ కిందట మధుమిత వచ్చింది. కోయంబత్తూరు దగ్గర కాలేజీలో పరిశోధన చేస్తున్న పిల్ల. కృష్ణగిరిలో గది తీసుకుని, బస్సుల్లో ఊళ్ళు తిరిగేది. తెలుగు రాదు, తమిళంలోనే మాట్లాడేది. మారక్కకు తమిళం మంచినీళ్ళ ప్రాయం. మధుమితది మంచి మనసు, వచ్చిన ప్రతిసారీ బైరక్క పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకునేది. తన పరిశోధన గురించి ఆ పిల్ల ఇష్టంగా చెప్పేది. ఇన్నాళ్ళూ అందరూ తినేవాళ్ళ గురించే రాశారట, పండించేవాళ్ళు ఏం తింటున్నారో ఎవరూ అడగలేదట. ఇప్పుడు అన్ని దేశాల్లోనూ చూపు ఇటు తిరుగుతోందట.

"వారంలో ఎన్ని రోజులు మీ ఇంట్లో సేంద్రియ ఆహారం తింటారు అక్కా?" అని ట్యాబు ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఏడు దినాలూ" అంది మారక్క.

అది నిజం కాదు. అంగడి వ్యాన్ వచ్చిన రోజు మిట్టన ఆకు కూడా మిగలదు. ఆ రోజుల్లో కింద నుంచి నాలుగు కాయలు కోసి బాగా కడిగి వండేది. అయినా ఎందుకు అలా చెప్పిందంటే, ఏడు అనగానే మధుమిత ముఖం విప్పారింది. అడిగేవాళ్ళు ఏ జవాబుకు సంతోషిస్తారో తెలుసుకోవడం మారక్కకు పదేళ్ళలో బాగా అబ్బింది.

"ఏమైనా రసాయన మందులు?"

"మా తోటలో మందే లేదమ్మా."

ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చెప్పిందో! ధనశేఖర్ తీసుకొచ్చిన కొనుగోలుదార్లకు, ఫోన్లో వీడియో తీసుకున్నవాళ్ళకు, మధుమితకు నాలుగు విడతల్లో నాలుగుసార్లు. చెప్పగా చెప్పగా ఆ మాట ఆలోచన అవసరం లేకుండానే నోటికి వచ్చేది. పేరు అడిగితే పేరు చెప్పినట్టు.

ఈ ఏడు ఫాల్గుణంలో ఒక గురువారం. వ్యాన్ వచ్చే రోజు. గాలి లేదని నంజప్ప తెల్లవారుజామునే కింది భాగం మొత్తానికి మందు కొట్టి, పంపు కడిగి, మిట్టకు వచ్చి పెట్టెలు మోస్తున్నాడు. మారక్క ఏడింటి నుంచీ మిట్టనే ఉంది. ఇంటికి తెచ్చి పెట్టాల్సిన బుట్ట ముందురోజే ఖాళీ. ఆ తొందరలో అత్త సంగతి మరిచిపోయింది.

బైరక్కకు ఆకలైంది. కుండలో రాత్రి సంగటి ఉంది, పక్కన పెట్టుకోవడానికి ఏమీ లేదు. కోడలు పనిలో ఉంది, పిలవడం ఎందుకని కర్ర పట్టుకుని బయలుదేరింది. బావి గట్టు, ఏడు అడుగులు. ఆకులు తడిగా తగిలాయి. మంచు పడింది అనుకుంది. గుప్పెడు కొత్తిమీర, నాలుగు పచ్చి టొమాటోలు కోసింది. విదిలించింది. పచ్చిమిరప, ఉప్పు వేసి రోట్లో నూరి, ఆ పచ్చి ఊరిబిండి అద్దుకుని సంగటి మొత్తం తిన్నది. పాపం, రుచిగానే ఉండి ఉంటుంది.

తొమ్మిదికి మారక్క వచ్చేసరికి ముసలామె గడప దగ్గర పడి ఉంది. వాంతులు, ఒళ్ళంతా చెమట, నోటి వెంట సొల్లు. నంజప్ప పక్కింటివాళ్ళ ఆటో పిలిచాడు. ఉద్దనపల్లిలో ఒక చిన్న ఆసుపత్రి ఉంది, ఒకే డాక్టరు. ఆయన చూసి, రెప్ప ఎత్తి లైటు వేసి, మొట్టమొదట అడిగింది అదే.

"తోటలో ఏం మందు కొట్టారు?"

"మా తోటలో మందే లేదు సార్" అంది మారక్క. "మాది ఆర్గానిక్."

అనడమే కాదు, ఫోన్ తీసి సర్టిఫికెట్ ఫోటో చూపించింది కూడా. అబద్ధం చెబుతున్నానని ఆమెకు ఆ క్షణంలో తెలియదు. డాక్టరు ఫోటో చూశాడు, ముసలామె కళ్ళను మళ్ళీ చూశాడు, తల పంకించాడు. కంటిపాపలు ఇంత చిన్నవిగా ఉన్నాయేమని ఆయన అడిగితే, కంటికి ఆపరేషన్ అయిందని కూడా ఆమే చెప్పింది. పాచిపోయిన సంగటి తిని ఉంటుందని, ఈ వయసులో తట్టుకోలేదని సెలైన్ పెట్టి, వాంతులకు సూది వేశాడు. సాయంత్రం దాకా చూద్దాం అన్నాడు.

మారక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. అత్త చెయ్యి ఒళ్ళోకి తీసుకుని తుడుస్తుంటే వాసన వచ్చింది. ముందు కొత్తిమీర వాసన. దాని అడుగున ఇంకొకటి. నంజప్ప చొక్కా ఉతికేటప్పుడు వచ్చే వాసన.

అప్పుడు తెలిసింది. లేచి పక్క గదిలోకి పోయి ఒక్క మాట చెప్తే చాలు. పది అడుగుల దూరం కూడా లేదు. కానీ ఆమె లేవలేదు. చెబితే ఇది విషం కేసు, పోలీసు వస్తాడు, కాగితం మీద పడుతుంది, గుంపు పేరు బయటికి వస్తుంది. పదకొండు ఇళ్ళు. వాళ్ళలో మొగుడు పోయిన సెల్వి అయితే ఆ అంగడి మీదే బతుకుతోంది. ఇప్పుడేగా లేదని చెప్పాను, ఇప్పుడే ఉందని ఎలా చెప్పేది? తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది.

పదకొండు గంటలకు నంజప్ప వచ్చాడు. ఇంటికి పోయి రోలు చూసి వచ్చాడు. ఆమె ముఖం చూడగానే ఆమెకూ తెలిసిందని గ్రహించాడు.

"చెప్పేద్దామా?" అన్నాడు గొంతు తగ్గించి.

"వాంతులు నిలిచినాయి. నిద్రపోతా ఉండాది. కొంచేపు చూస్తాం ఉండు."

"అమ్మకు ఏమన్నా అయితే?"

"ఏం కాదు. నిలిచినాయి అంటా ఉండాను గదా."

నంజప్ప ఎదురు మాట్లాడే మనిషి కాదు. బయటికి పోయి గోడ పక్కన కూర్చున్నాడు. ఒక్కసారి, జన్మలో ఒక్కసారి పెళ్ళాం మాట కాదని లోపలికి పోయుంటే అని తర్వాత అతను తల బాదుకున్నాడు. ఏం లాభం?

ఒంటిగంటకు ముసలామె ఊపిరి గురగురమనడం మొదలైంది. కాళ్ళు కొట్టుకున్నాయి. డాక్టరు పరుగున వచ్చి, 108కి ఫోన్ చేసి కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపించాడు. అంబులెన్సులో దారి పొడుగునా మారక్క అత్త కాళ్ళు పట్టుకుని కూర్చుంది. సూళగిరి దాటాక ఆమెకు పదకొండు మందీ గుర్తు రాలేదు, సర్టిఫికెట్ గుర్తు రాలేదు.

అక్కడి డాక్టరమ్మ నోరు తెరవకముందే మారక్క అంతా చెప్పేసింది. మందు పేరు, ఎంత కలిపారో, ఎప్పుడు కొట్టారో, అన్నీ. నంజప్ప సీసా కూడా కవర్లో పెట్టుకుని వచ్చాడు. పొద్దున్నుంచీ అది అతని సంచిలోనే ఉంది.

"ఎన్ని గంటలకు తిన్నది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏడున్నర, ఎనిమిది."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. మూడు కావస్తోంది. ఇంకేమీ అడగకుండా లోపలికి పోయింది. ఆమె తిట్టి ఉంటే మారక్కకు కొంచెం నయంగా ఉండేది.

మరుసటి రోజు పొద్దున వరండాలో ఉండగా మధుమిత ఫోన్ చేసింది. చివరి విడత ప్రశ్నలు, పది నిమిషాలు చాలు, ఇప్పుడు కుదురుతుందా అక్కా అని అడిగింది. మారక్క ఆస్పత్రి సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆ పిల్ల ఏడుస్తుందని తెలుసు.

"అమ్మా, నేను ముందు చెప్పినవన్నీ తప్పు. ఏడు దినాలు కాదు. మందు లేదన్నది కూడా తప్పు. కొట్టేయి."

పాత విడతలు ఇప్పటికే పంపించేశానని, నాలుగు వందల ఇళ్ళ లెక్కలో ఒక ఇల్లు అటూ ఇటూ అయినా ఫలితం మారదని, మీరు బాధపడొద్దని మధుమిత చాలా మెత్తగా చెప్పింది. మారక్క సరేనమ్మా అని ఫోన్ పెట్టేసింది. తాను చెప్పిన అబద్ధానికి ఆ లెక్కలో బరువే లేదని, ఇక్కడ మాత్రం ఒక ప్రాణమంత బరువుందని తెలిసి, వరండాలో నిలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం బైరక్కకు తెలివి వచ్చింది. ఇద్దరినీ లోపలికి పంపారు. డాక్టరమ్మ ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ముసలామె గొంతు గుసగుసలా ఉంది. మారక్క చెవి దగ్గరగా పెట్టింది.

"లెక్క తప్పినానమ్మా" అంది బైరక్క. "ఏడడుగులే ఏసినాను అనుకున్నా. యాడనో తప్పినాను. మీకు ఎంత కష్టం పెట్టినాను చూడు."

నంజప్ప గోడ వైపు తిరిగిపోయాడు. అవునని ఊరుకుంటే సరిపోయేది. ముసలామె తన కాళ్ళదే తప్పనుకుని పోయేది. కానీ నిన్నటి నుంచీ ఊరుకుని ఊరుకుని మారక్కకు ఇక చేతకాలేదు.

"నువ్వు తప్పలేదత్తా. సరిగ్గానే పోయినావు. మేమే ఆడ మందు కొట్టినాము. ఒకే తూరి చెప్పి మరిచిపోయినాను. ఆసుపత్రిలో కూడా నిజం చెప్పలేదు, నేనే. పొద్దున్నే చెప్పింటే నీకు ఇంత అయ్యుండదు."

బైరక్క విన్నదో లేదో తెలియలేదు. తర్వాత పెదవులు కదిలాయి.

"ఇంటి సాళ్ళు యాడికి పోయినాయి?"

"మిట్టకు మార్చినాము. ఆడిది హోసూరు అంగడికి ఇస్తాము."

"దాన్ని హోసూరోళ్ళు తింటా ఉండారా?"

"తింటా ఉండారత్తా."

"బాగుండారా వాళ్ళు?"

ఆమె ఎత్తిపొడుపుగా అడగలేదు. ఎవరికైనా నాలుగు ముద్దలు పెట్టి పంపితే, మళ్ళీ కనబడినప్పుడు అడుగుతామే, అలాగే అడిగింది. మారక్కకు ఆ మాట అన్నిటికంటే ఎక్కువ కోసింది. తిట్టినా, శపించినా మోసేది. ఈ ప్రశ్నకు నిజం చెప్పడం కంటే కష్టమైనది ఇంకొకటి లేదు, కానీ ఇన్నేళ్ళలో అందరూ అడిగిన వాటిల్లో దాచకుండా నిజం చెప్పగలిగినది ఇదొక్కటే.

"బాగుండారత్తా" అంది.

"అట్లయితే సరే" అంది బైరక్క. కోడలి చేతిని వెతికి పట్టుకుంది. శనివారం పది గంటలకు ఆమె పోయింది, అప్పటిదాకా ఆ చెయ్యి వదలలేదు.